“వాళ్లెందుకు ఖండించరు?” అని నన్ను అడిగినప్పుడు

మీ ప్రశ్న ఇది: “ఉగ్రవాద దాడి జరిగిన ప్రతిసారీ ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకటే వాదన. ఇస్లాంకు వచ్చిన చెడ్డపేరుకు సామాన్య ముస్లింల మౌనమే కారణం కదా? వాళ్లెందుకు గట్టిగా ఖండించరు? ఇలాంటి చర్చలో ఏం మాట్లాడాలి?”

ఈ ప్రశ్న నన్ను చాలామంది ముఖాముఖి అడిగారు. ఎందుకంటే నా పేరు మస్తాన్. నేను ముస్లింను కాను.

మాది నెల్లూరు జిల్లా, కావలి దగ్గర పల్లె. నాకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోతే, ఎవరో చెప్పగా మా అమ్మ కసుమూరు దర్గాకు వెళ్లి మొక్కుకుంది. నేను బతికి బట్టకట్టాను. మొక్కు ప్రకారం మస్తాన్ అని పేరు పెట్టారు. మా జిల్లాలో ఇది వింతేమీ కాదు. మస్తానయ్యలు, మస్తానమ్మలు, దస్తగిరులు, హుస్సేనమ్మలు నుదుట బొట్టుతో, మెడలో తాళితో ఊరూరా కనిపిస్తారు. ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్ బాబు మా జిల్లావాడే. పల్లెలో ఉన్నంతకాలం నా పేరుకు ఒక మతం ఉంటుందని నాకు తోచనే లేదు.

హైదరాబాద్ వచ్చాక తెలిసింది. 2007 సంవత్సరం మీకు గుర్తుండే ఉంటుంది. మే 18న శుక్రవారం ప్రార్థన వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, కోఠిలోని గోకుల్ చాట్‌లో పేలుళ్లు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. సరిగ్గా ఆ తర్వాతి నెలలో నేను అద్దె ఇల్లు వెతుక్కుంటున్నాను. కొత్తగా పెళ్లయింది. ఉప్పల్ వైపు ఒక మేడ మీద రెండు గదుల వాటా ఖాళీగా ఉందంటే వెళ్లాను. ఇంటావిడ వరండాలో కూర్చుని గోంగూర ఆకు దూస్తోంది. ఎంతో ఆప్యాయంగా మాట్లాడింది. నీళ్లు ఏ వేళకు వస్తాయో, మోటారు ఎప్పుడు వేసుకోవాలో, బట్టలు ఎక్కడ ఆరవేసుకోవాలో అన్నీ చెప్పింది. చివర్లో పేరడిగింది. చెప్పాను. గోంగూర కాడ మీద ఆమె చెయ్యి ఆగింది.

“అయ్యో, మరిచేపోయాను బాబూ. పొద్దున ఒకాయన వచ్చి అడ్వాన్సు ఇచ్చి వెళ్లాడు.”

అప్పటికే నాలుగిళ్లు తిరిగి ఉన్నాను. ఎందుకు పోయాయో అప్పుడు అర్థమైంది. “ఆంటీ, మేం హిందువులమే. మా అమ్మ దర్గాకు మొక్కుకుంటే పెట్టిన పేరు ఇది” అని సంచిలోంచి శుభలేఖ తీసి చూపించాను. నాలుగు మూలలా పసుపు, పైన వేంకటేశ్వరస్వామి బొమ్మ. ఆవిడ ముఖం విచ్చుకుంది. “ముందే చెప్పవేం బాబూ! రోజులు బాగాలేవు కదా” అంటూ లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. గోంగూర కడిగిన చేతి తడి ఆ తాళంచెవికి అంటుకుని ఉంది. ఆ తడి నాకు ఇప్పటికీ గుర్తు.

మూడేళ్లు ఆ ఇంట్లో ఉన్నాం. నా భార్యకు జ్వరం వస్తే ఆవిడే చారు కాచి పైకి తెచ్చేది. ఆవిడను చెడ్డ మనిషి అంటే నేను ఒప్పుకోను. నా మనసును తొలిచేది వేరే ఉంది. అదే రోజుల్లో నెల్లూరులో నాతో చదువుకున్న మిత్రుడు, అదే కంపెనీలో నా పక్క బల్ల దగ్గర పనిచేసేవాడు, అతనూ ఇల్లు వెతుక్కుంటున్నాడు. అతను నిజంగానే ముస్లిం. నేను చూపించినట్టు సంచిలోంచి తీసి చూపించడానికి అతని దగ్గర ఏమీ లేదు. చివరికి టోలిచౌకీలో దొరికింది. రోజూ రెండు బస్సులు మారి ఆఫీసుకు వచ్చేవాడు. నేను ఒక్క మాటతో ఆ వరుసలోంచి బయటికి వచ్చేశాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ తలవంపులుగానే ఉంటుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. వాళ్లు ఖండించరా?

2008 ఫిబ్రవరిలో దేవ్‌బంద్‌లోని దారుల్ ఉలూమ్‌లో దేశం నలుమూలల నుంచి ఉలేమాలు, అంటే ఇస్లాం మతపండితులు చేరి ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని ప్రకటించారు. అదే ఏడాది మే నెలాఖరున ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో ఆ మాటనే ఫత్వాగా చదివారు. నవంబర్‌లో మన హైదరాబాద్‌లోనే ఆ పండితుల సంస్థ జమీయత్ ఉలేమా మహాసభ జరిగితే దాదాపు 6,000 మంది మతపండితులు ఆ ఫత్వాను బలపరిచారు. హైదరాబాద్‌లో ఉంటూ ఆ సభ సంగతి తెలియని మిత్రులు నాకు ఎంతోమంది ఉన్నారు. గోకుల్ చాట్ సంగతి అందరికీ తెలుసు. కొద్ది వారాలకే ముంబయి మీద దాడి జరిగింది. 166 మంది చనిపోయారు. హతమైన తొమ్మిది మంది ఉగ్రవాదుల శవాలను తమ శ్మశానంలో పూడ్చనివ్వబోమని ముంబయి ముస్లిం ట్రస్టు తేల్చి చెప్పింది. ఏడాదికి పైగా ఆ శవాలు మార్చురీలోనే పడి ఉన్నాయి. చనిపోయినవాడికి ఆరడుగుల నేల కాదనడం ముస్లింలకు ఎంత పెద్ద మాటో నా మిత్రుడి తండ్రి చెబితే గానీ నాకు అర్థం కాలేదు. “శత్రువు శవానికైనా మట్టి ఇవ్వాలి నాయనా. వీళ్లకు అదీ వద్దనిపించింది” అన్నారాయన.

ఖండించడం అంటే మనం ఇంకేం కోరుతున్నామో నాకు తెలియదు.

పహల్గామ్ సంగతి చూడండి. 2025 ఏప్రిల్ 22న బైసరన్ మైదానంలో 26 మందిని కాల్చి చంపారు. వారిలో ఒకరు మా కావలివారు, ఒకరు విశాఖపట్నంవారు. పర్యాటకులను కాపాడబోయి చనిపోయిన గుర్రాలు నడిపే యువకుడు సయ్యద్ ఆదిల్ హుస్సేన్ షా కూడా ఆ 26 మందిలోనే ఉన్నాడు. మర్నాడు కశ్మీర్ లోయ మొత్తం బంద్ పాటించింది. శ్రీనగర్ పత్రికలు మొదటి పేజీని నల్లగా అచ్చువేశాయి. ఆ శుక్రవారం హైదరాబాద్ మసీదుల్లో నల్ల రిబ్బన్లు కట్టుకుని నమాజు చేశారు.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం, కావలికి భౌతికకాయం చేరిన రోజు పొద్దున, రెండో అంతస్తు పెద్దాయన నా పేరు పెట్టి రాశారు: “మస్తాన్ గారూ, మీవాళ్లు నోరు విప్పరేమిటండీ?” ఆ ఇంటికి మేం చేరి ఏడాదే అయింది, ఆయనకు నా సంగతి తెలియదు. “నేను హిందువునండి” అని టైపు చేశాను. పంపే మీట మీద వేలు పెట్టాను. ఉప్పల్ తాళంచెవి గుర్తొచ్చింది. చెరిపేశాను. ఇలా రాశాను: “కావలి మా ఊరి పక్కనే. ఆ ఇంటి ముందు ఇప్పుడు మా తమ్ముడు నిలబడి ఉన్నాడు. చంపినవాళ్లు దొరకాలి, వాళ్లను పంపినవాళ్లకూ శిక్ష పడాలి. ఈ ప్రశ్న గ్రూపులో ఇంకెవరినైనా అడిగారా, నన్నొక్కడినే అడిగారా?”

రాత్రి పెద్దాయన తలుపు కొట్టారు. ఎవరో చెప్పినట్టున్నారు. “మీరు ముస్లింలనుకున్నాను. ఏమీ అనుకోకండి” అన్నారు. నిజంగా నొచ్చుకునే అన్నారు, కళ్లలో తడి కూడా ఉంది. ఆయన మన్నింపు కోరింది నా మతం పొరబడినందుకు మాత్రమే. ఆ ప్రశ్న అడగడంలో తప్పుందని ఆయనకు తట్టలేదు. నేను నిజంగా ముస్లింనై ఉంటే ఆ రాత్రి నా తలుపు ఎవరూ కొట్టేవారు కాదు.

ఆ తర్వాతి మూడు వారాల్లో జరిగినవి కూడా మరిచిపోలేను. భర్తను కళ్లముందే పోగొట్టుకున్న హిమాన్షీ నర్వాల్, నౌకాదళ లెఫ్టినెంట్ వినయ్ నర్వాల్ భార్య, ముస్లింల మీదా కశ్మీరీల మీదా కోపం పెట్టుకోవద్దని, తనకు న్యాయం, శాంతి కావాలని అన్నందుకు ఆమె మీదే బురద చల్లారు. మే 7న ఆపరేషన్ సిందూర్ వివరాలను దేశానికి చెప్పినవారిలో కల్నల్ సోఫియా ఖురేషీ ఒకరు. ఆమెనే ఉగ్రవాదుల సోదరి అనే అర్థం వచ్చేలా ఒక రాష్ట్ర మంత్రి మాట్లాడితే హైకోర్టు కేసు పెట్టమనాల్సి వచ్చింది. సైన్యం తరఫున దేశం ముందు నిలబడిన అధికారిణికే ఆ మాట తప్పకపోతే, టోలిచౌకీలో పచారీ కొట్టు నడిపేవాడు ఎంత గట్టిగా ఖండిస్తే సరిపోతుంది? శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీద పడి బోర్డు పగలగొట్టారు. దేశవిభజన నాడు సింధ్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన ఒక హిందూ కుటుంబం పెట్టిన దుకాణం అది.

ఇంతవరకు చదివి, నేను ఒక వైపే మాట్లాడుతున్నానని మీకు అనిపించవచ్చు. కాబట్టి నా ముస్లిం మిత్రులతో నేను గొడవపడే విషయం కూడా చెబుతాను. “ఉగ్రవాదానికి మతం లేదు” అన్న మాట నాకు నచ్చదు. బైసరన్‌లో మతం అడిగి మరీ కాల్చారు. ఆ మాట చెవులారా విన్న భార్యలకు, పిల్లలకు ఈ నినాదం వినిపించడం క్రూరత్వం. ఆ హంతకులు దేవుడి పేరు చెప్పుకునే చంపుతారు, గ్రంథంలోని వాక్యాలు వల్లిస్తారు, వాళ్లకు బోధించే గురువులున్నారు, డబ్బు పంపేవాళ్లున్నారు, వెనుక పాకిస్తాన్ సైనిక వ్యవస్థ అండ ఉంది. గోకుల్ చాట్ కేసులో 2018లో ఇద్దరికి మరణశిక్ష పడింది. వాళ్లు ఎక్కడినుంచో ఊడిపడినవాళ్లు కారు, మన దేశంవాళ్లే. “వాళ్లు అసలు ముస్లింలే కారు” అని చేతులు దులుపుకుంటే ఆ బోధనతో తలపడే పని ఎవరు చేస్తారు? నా మిత్రుడు మొదట్లో దీనికి కోపగించుకున్నాడు. తర్వాత ఒకరోజు అతనే అన్నాడు: “ఒరేయ్, ఆ పని మాలో చేస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లనే ముందు చంపుతారు.”

ఆ మాట నిజమని నాకు తెలియడానికి నా పేరే దారి చూపింది. మా అమ్మ మొక్కుకున్న దర్గా లాంటిదే సింధ్‌లోని సెహ్వాన్‌లో ఉంది, లాల్ షాబాజ్ కలందర్ దర్గా. హిందువులూ అక్కడికి వెళతారు. 2017 ఫిబ్రవరి 16 గురువారం సాయంత్రం, ధమాల్ అనే భక్తి నృత్యం జరుగుతుండగా, ఒకడు ఒంటికి బాంబు కట్టుకుని వచ్చి పేల్చుకున్నాడు. 80 మందికి పైగా చనిపోయారు. అది తమ పనేనని ఐసిస్ ప్రకటించుకుంది. 2010 జూలైలో లాహోర్ దాతా దర్బార్ మీద ఇలాగే దాడి జరిగి 40 మందికి పైగా పోయారు. సమాధి దగ్గర మొక్కుకోవడం వాళ్ల లెక్కలో క్షమించరాని పాపం. అంటే కసుమూరులో మా అమ్మ చేసిన పనికి శిక్ష చావు. సమాధి మీద కప్పే చాదర్‌ను ఆమెకు అందించిన దర్గా సేవకుడు, ఆ ముజావర్‌కు కూడా అదే శిక్ష. సెహ్వాన్‌లో మర్నాడు తెల్లవారుజామున దర్గా సేవకుడు ఎప్పటిలాగే గంట మోగించాడని చదివినప్పుడు నేను మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె రెండు చేతులూ జోడించింది.

అందుకే నేను చర్చల్లో “ముస్లింలు”, “ఇస్లాం” అనే మాటలు వచ్చినప్పుడల్లా ఆపి, “ఎవరు? ఏ సంస్థ? ఏ ఊళ్లో? ఏ రోజున?” అని అడుగుతాను. చేసింది పాకిస్తాన్ ఉగ్రవాద సంస్థ లష్కరే తోయిబా అయితే లష్కర్ అనే అందాం. దాన్ని పెంచింది రావల్పిండిలోని పాకిస్తాన్ సైన్యమైతే ఆ మాటే అందాం. ఇరవై కోట్ల మందిని ఒకే గాటన కడితే లాభపడేది లష్కరే. హిందువులను ఏరి చంపి, మిగతా పని మన కోపం చేత చేయించుకుందామన్నదే వాళ్ల లెక్క.

మక్కా మసీదు కేసులో మన పోలీసులూ ఈ పొరపాటే చేశారు. పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. పోయినవాళ్లు ముస్లింలు, పట్టుబడిన కుర్రాళ్లూ ముస్లింలే. ఆ కుర్రాళ్లు కోర్టుల్లో నిర్దోషులుగా బయటికి వచ్చారు. తర్వాత వేరే బృందం మీద కేసు నడిచి 2018లో వాళ్లూ విడుదలయ్యారు. ఆ తొమ్మిది మందిని చంపిందెవరో నేటికీ కోర్టులో తేలలేదు. ముందుగా జవాబు నిర్ణయించుకుని దర్యాప్తు మొదలుపెడితే అసలు దోషి నడిచి వెళ్లిపోతాడు.

యుద్ధాల సంగతి కూడా ఈ చర్చల్లో తప్పక వస్తుంది. పహల్గామ్ అనగానే “మరి ఇరాక్‌లో ఏం చేశారు?” అంటారు ఎవరో. ఒక చావును ఇంకో చావుతో కొట్టివేయడాన్ని నేను ఒప్పుకోను. అయితే ఇరాక్ యుద్ధం తప్పు అని విడిగా, నిర్మొహమాటంగా చెబుతాను. 2001 సెప్టెంబర్ 11న విమానాలు హైజాక్ చేసిన 19 మందిలో 15 మంది సౌదీలు, ఒక్క ఇరాకీ లేడు. అయినా 2003 మార్చిలో ఇరాక్ మీద దాడి చేశారు. సాకుగా చూపిన ఆయుధాలు దొరకనే లేదు. ఆ యుద్ధంలో అమెరికా సైన్యం దక్షిణ ఇరాక్‌లో నడిపిన బక్కా శిబిరంలో బందీగా ఉన్న ఐసిస్ నాయకుడు బగ్దాదీయే 2014లో మోసుల్ మసీదులో నిలబడి తానే ఖలీఫానన్నాడు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో 120 మందికి పైగా ఇస్లామిక్ పండితులు అతని వాదనను ఒక్కో అంశంగా ఖండిస్తూ బహిరంగ లేఖ రాశారు. అతని తలారులను టీవీలో చూసినవాళ్లలో ఆ లేఖ గురించి విన్నవాళ్లు ఎందరు?

ఈ ముద్ర మన ఇంటిదాకా రాదనుకునేవారికి కాన్సాస్ గుర్తు చేస్తాను. 2017 ఫిబ్రవరి 22న ఒలేత పట్టణంలో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు “మా దేశం నుంచి పొండి” అంటూ కాల్చి చంపాడు. వాళ్లను ఇరానీయులనుకున్నాడు. హైదరాబాద్‌కు శవపేటిక వచ్చింది. శుభలేఖ తీసి చూపించే వ్యవధి శ్రీనివాస్‌కు ఎవరూ ఇవ్వలేదు. ఆ రాత్రి తుపాకికి అడ్డం వెళ్లి గాయపడినవాడు ఇయాన్ గ్రిలట్ అనే అమెరికన్.

చివరగా నా మిత్రుడి మాట. 2025 జూలైలో రొట్టెల పండుగకు నెల్లూరు వెళ్లాం. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె అని పిలిచి మరీ పంచుకుంటారు. అక్కడ పడుకుని ఉన్నవారు యుద్ధంలో తెగిపడిన పన్నెండుగురు వీరులని చెబుతారు. షహీద్ అన్న మాట టీవీలో వింటే ఉలిక్కిపడే మా బంధువులు కూడా ఆ పన్నెండుగురికి దండం పెట్టుకుని నీళ్లలోకి దిగుతారు. నా మిత్రుడు ఆ రోజు ఇంటి రొట్టె పంచుతున్నాడు. పద్దెనిమిదేళ్లకు సొంత ఇల్లు కట్టుకున్నాడు. వచ్చినవాళ్లు కొంగు పట్టి తీసుకుంటున్నారు, ఎవరి కొంగు ఏ మతానిదో అతను చూడటం లేదు.

గట్టు మీద కూర్చున్నప్పుడు ఉప్పల్ ఇంటి సంగతి మొదటిసారి అతనికి చెప్పాను. శుభలేఖ సంగతీ, తాళంచెవి సంగతీ. మౌనంగా విన్నాడు. పంచె అంచు పిండుకుంటూ అన్నాడు: “గేటు పక్కన కరివేపాకు చెట్టున్న ఇల్లే కదా? నీకంటే రెండు రోజుల ముందు నేను వెళ్లాను. నాకూ పొద్దునే ఎవరో అడ్వాన్సు ఇచ్చారనే చెప్పింది.” పద్దెనిమిదేళ్లు ఆ మాట తనలోనే పెట్టుకున్నాడు. ఆ ఇంటికి భోజనానికి ఎన్నిసార్లు పిలిచినా ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది.

మా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్లు అద్దెకిచ్చేటప్పుడు “మనవాళ్లకే” అని ఒక నోటిమాట నడుస్తుంది. మతం అడగరాదని సంఘం తీర్మానం చేయాలని కోరుతూ నేనొక కాగితం రాశాను. 60 ఫ్లాట్లలో ఇప్పటికి 11 సంతకాలు వచ్చాయి. రెండో అంతస్తు పెద్దాయన ఇంకా సంతకం చేయలేదు. కానీ మొన్న మెట్ల మీద కలిసి, తీరిగ్గా చదువుకుంటానని ఒక ప్రతి అడిగి తీసుకున్నారు.